దానం అడిగిన సోబా

"అవ్వా, వాసన పక్కింటికి పోతాదేమో. తలుపేసేదా?"

వద్దు. వద్దు మే, ఆ తలుపు అట్లే ఉండనీ. ఏందీ, పంది కూరే గదా నువ్వు చేసేది, దొంగతనం కాదు గదా. ఆ ఫోను ఈడ పెట్టు, నా మాటలు రికార్డు చేస్తానంటివే, చేసుకో. క్యాబేజీ మాత్రం సన్నగా తరుగు, అంత లావు కాదు. ఆ, అట్ల.

నువ్వు ఫోన్లో చూసి యాకిసోబా, యాకిసోబా అంటాండావు గానీ, ఆ జపాను నూడుల్సు ఈ ఇంటికి కొత్తేం కాదు. మా దానం తెచ్చినాడు దాన్ని. దేవదానం, నా తమ్ముడు. నాకంటే ఆరేండ్లు చిన్న. మీయమ్మకు మేనమామ. మీయమ్మకు గూడా గుర్తుండడులే, వాడు పోయేనాటికి ఇంకా నడక రాల్యా దానికి.

మాది ఆళ్లగడ్డ గదా. చర్చి ఎనకాల సందు. మా నాయన కూలికి పోతాండె, శనగ కోతలకైతే కోయిలకుంట్ల దాకా పోతాండె. పండగొస్తే సందులో అందరూ కలిసి ఒక పందిని కోసి పోగులేస్తాండ్రి. అంటే కుప్పలు మే, ఆకుల్లో సమానంగా ఏసి, ఇంటికో పోగు. మా యమ్మ ఆ పోగును కొంగు కింద పెట్టుకోని వచ్చి, తలుపేసి, ఆ మీదనే పొయ్యి ముట్టిస్తాండ్య. ఎండాకాలమైనా సరే తలుపే. తిన్నాక నా చేతులు సబ్బుతో రెండు మార్లు కడుగుతాండ్య. బడిలో పెద్దింటి పిల్లోళ్ల పక్కన కూచునేదాన్ని గదా నేను, వాళ్లు ముక్కు మూసుకుంటారేమో అని. ఆ సబ్బు వాసన ఇప్పటికీ... సరేలే.

నేను చదువుకుంటి. టీచరు ట్రైనింగయితి. నంద్యాలలో ఉద్యోగం, ఆణ్ణే మీ తాత సంబంధం. వాళ్లూ మన చర్చి వాళ్లే గానీ, మా అత్త పొద్దన్నే కండ్లద్దాలు పెట్టుకోని బైబిలు తీస్తే ఇంట్లో ఎవురూ గట్టిగా మాట్లాడరు. ఆ ఇంట్లోకి పంది కూర రావడం నేనెప్పుడూ చూడల్యా. వద్దు అని నాకెవురూ చెప్పల్యా గూడా. నేనే అనుకుంటి. అది గుర్తుపెట్టుకో, నేనే అనుకుంటి.

దానంకు చదువు అబ్బలేదు. మా మేనమామ మద్రాసుకు పిల్చుకపోయి ఓడలో పెట్టిచ్చినాడు. ఏం పని? వంటోనికి సాయం. ఎర్రగడ్డలు తరగడం, గిన్నెలు తోమడం. ఆళ్లగడ్డలో కుంట తప్ప నీళ్లు చూడనోడు, సముద్రం మీద పోయినాడు చూడు! రెండేండ్లకొకసారి వస్తాండె. జపాన్లో కోబే అని ఒక రేవంట. ఆడ చలికి ఒణుక్కుంటా నిలబడితే, బండి మీద వంట చేసే ఒకామె, మా యమ్మ ఈడుదంట, పిల్చి ఇది పెట్టిందంట. భాష లేదు, ఏం లేదు. ఇనప రేకు మీద చెయ్యి పెట్టి చూపిచ్చి నేర్పిందంట. ఓడ ఆ రేవుకు పోయినప్పుడల్లా ఆమె కాడికి పోతాండె.

మొదటి మారు ఆళ్లగడ్డలో చేసినాడు. డెబ్బైలల్లోనే, డెబ్బై ఎనిమిదో తొమ్మిదో. నూడుల్సు ప్యాకెట్లు యాడియి అప్పుడు? గోధుమపిండిలో ఇంత వంటసోడా, ఉప్పు ఏసి గట్టిగా పిసికి, మురుకుల గొట్టంలో పెట్టి, మసిలే నీళ్లలోకి వత్తినాడు! మా యమ్మ నోరు తెరుచుకోని చూస్తాంది. క్యాబేజీ, క్యారెట్లు నేను నంద్యాల నుంచి సంచిలో తీసుకపోతి. క్యాబేజీ అర్ధ రూపాయి, అది గూడా ఎక్కువని బేరమాడితి. దోసెల పెనం మీద మొదట పంది కూర, బలే సన్నగా కోసి. నూనె ఎయ్యల్యా, దాని కొవ్వే కరిగి నూనైతాది. ఆ మీద కూరగాయలు, ఆ మీద ఆ తీగలు, ఆఖర్న వాడు తెచ్చిన సీసాలో నల్లటి పులుసు. పెనం చుయ్యిమంటే సందంతా వాసన.

మా యమ్మ పోయి తలుపెయ్యబోయింది. వాడు గరిటె పట్టుకోనే, "ఉండనీమ్మా. ఆడ బూట్లేసుకున్న దొరలు, కూలోళ్లు, ఆడోళ్లు, అందరూ బజార్లో నిలబడుకోని తింటారు దీన్ని. తలుపేసుకునేటోడు ఒక్కడు లేడు. నేను మొదటి సారి అట్ల తిన్న దినం కండ్లల్లో నీళ్లొచ్చినాయమ్మా" అన్నాడు.

మా యమ్మ ఆగిపోయింది. నేను ఆగల్యా. లేసి పోయి తలుపేసి గొళ్లెం పెట్టినా. రోడ్డు మీద నేను టీచరని తెలిసినోళ్లెవురన్నా పోతే? వాడు ఆ తలుపు దిక్కు ఒకసారి చూసి వడ్డిచ్చినాడు. బలే రుచి మే, చెప్తాండా, ఇప్పటికీ నాలిక మీద ఉంది.

మల్ల ఎనబైలల్లో వచ్చినాడు. ఈ సారి సెలవుకు కాదు. కడుపులో గడ్డ. మనిషి సగమైపోయినాడు. కర్నూల్లో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఏమడిగితే అది పెట్టమ్మా" అన్నాడు. ఆ మాటంటే ఏందో తెలుసు గదా నీకు.

నా దగ్గరే పెట్టుకుంటి, నంద్యాలలో. రెండు రూములిల్లు, మా అత్త గూడా ఆణ్ణే. గంజి తాగినా నిలవదు. ఒక దినం అడిగినాడు. "అక్కా, ఆ సోబా చేసి పెడ్తావా? మనూరి పోగు కూరేసి." అంతే అడిగినాడు. జీవితంలో వాడు నన్ను ఇంకేమీ అడగల్యా మే. నాకే చీరలు తెస్తాండె, వాచీ తెచ్చినాడు.

ఆదివారం ఆరాధనకు గూడా పోకుండా ఆళ్లగడ్డ పోతి. మా యమ్మ కొడుకు కోసమని కొవ్వున్న చోట చూసి కోయిచ్చి, ఆకుల్లో చుట్టి, గుడ్డలో కట్టి ఇచ్చింది. బస్సెక్కితి. పక్క సీట్లో ఎవురు? మా బడి పిల్లోని నాయన. "టీచరమ్మా, బాగుండారా, సంచి నాకియ్యండి" అని చెయ్యి చాపినాడు. మంచోడు, మర్యాదకే అన్నాడు. నా సంచి అడుగున తడి. సంచిని ఒళ్లోకి లాక్కుంటి. సిరివెళ్ల కాడ పనుందని దిగేసి, బస్సు పోయినాక... ఆడ కాలువ గట్టు కింద ఆ కూరను పెట్టేసినా. మా యమ్మ కట్టిచ్చిన గుడ్డతో సహా. మల్ల ఇంకో బస్సెక్కి వచ్చి, నంద్యాలలో కోడి కొన్నా.

కోడిని గూడా పంది కూర మాదిరే సన్నగా చీల్చినా. కొవ్వు రుచి రావాలని నెయ్యి పోసినా. సీసా పులుసు లేదు గదా, చింతపండు, బెల్లం, మిరియాలు మరగబెట్టినా. దొంగ పనికి ఎంత తెలివొస్తాదో చూడు.

కంచం తీసుకపోతే వాడు గోడకానుకోని కూచున్నాడు. కంచం చూడల్యా వాడు. నా ఎనకాల చూసినాడు. వాని మొకం వెలిగిపోయింది.

"అక్కా! తలుపు తీసి పెట్టే చేసినావే!"

నిజమే. వీధి తలుపు బార్లా తీసుంది. కోడి కూరకు తలుపెవురేస్తారు? నాకు ఆ ఆలోచనే రాల్యా. వాడు మాత్రం తన కోసమే అక్క తలుపు తీసింది అనుకున్నాడు మే. అంత సంతోషంగా వాన్ని నేను చిన్నప్పుడే చూసింటి.

ఆ మీద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

వంటోడు గదా. నాలికను యాడ మోసం చేస్తావు. నమలడం ఆపినాడు. నా మొకం చూడల్యా, కంచంలోకే చూస్తా, మల్ల మెల్లగా నమిలినాడు. "బాగుందక్కా" అన్నాడు. గంజి నిలవని కడుపుతో ఆ కంచమంతా తిన్నాడు, నేను బాధపడతానని. పది దినాలు గూడా లేడు ఆ తర్వాత.

...నీళ్లియ్యి. చాలు, చాలు.

ఇంకోటి చెప్తా. వాడు పోయినాక ఆరేడు నెల్లకు, మా అత్త, బైబిలు మూసి పక్కన పెట్టి, గొంతు తగ్గిచ్చి అడిగింది. "అమ్మాయ్, మీ ఊర్లో పంది కూర పోగులేస్తారంట గదా. ఈ సారి పోతే రవ్వంత తీసకరా. నా పెండ్లికాక ముందు తింటి. నువ్వు టీచరువి, ఏమనుకుంటావో అని ఇన్నేండ్లు అడగల్యా."

నాకు ఏడుపు రాల్యా, నవ్వూ రాల్యా. నేను ఆమెకు భయపడితి, ఆమె నాకు భయపడింది. మధ్యలో మా దానం కోడి కూర తిని పోయినాడు. నన్ను ఆపినోళ్లు ఎవురూ లేరే తల్లీ. ఎవురూ లేరు.

తెచ్చిపెట్టినాలే మా అత్తకు. ఆమె బాగా తినింది. నేను తినల్యా, ఆ కాలువ గట్టు దినం నుంచి ముట్టుకోల్యా. నువ్వు ఈ పొద్దు చేస్తానంటే... చూద్దాములే అనుకుంటి.

అయ్యిందా? కలుపు ఒకసారి. ఆ, ఆ వాసనే. నాకు గూడా పెట్టు, కొంచెమే. ఈడ కాదు, ఆ కుర్చీ వాకిలి కాడ ఏయి, ఆడ కూచోని తింటా. పక్కింటామె చూస్తే చూడనీ, అడిగితే ఆమెకూ ఇంత పెడదాము. సల్లగుండు తల్లీ. నోరు తెరిచి అడిగింది అడిగినట్లు పెట్టేటోళ్లు నీకు ఉండాల. నువ్వూ అట్లే పెట్టాల... ఇంకొంచెం తియ్యి మే ఆ తలుపు, గాలికి మూసుకుంటాంది. రాయి అడ్డం పెట్టు.