గేటు బయట బండి

జైల్లో ములాఖత్ గది. మధ్యలో చిల్లుల అద్దం, ఇటు అక్క, అటు తమ్ముడు. రేపే కోర్టు. అక్క అసలు చెప్పాలని వచ్చిన మాట ఇంకా గొంతు దాటలేదు.

"అందుకే చెప్తున్నా, రేపు నేరం ఒప్పుకో."

"మళ్లీ మొదలెట్టావా అక్కా! సాక్షి లేడు. కేసు మొదట్లోనే కొట్టేస్తారు. లాయరే అన్నాడు."

"కొట్టేస్తే?"

"ఏముంది, ఇంటికొస్తా. నీ ఇస్త్రీపెట్టె బాగుచేస్తా. ఇంకా షాక్ కొడుతోందా?"

"నవ్వకు, ఒళ్లు మండిపోతోంది. పక్క దేశం వాళ్లు నిన్ను అప్పగించమన్నారు, మనవాళ్లు సరేనన్నారు. ఇక్కడ శిక్ష పడితేనే పంపరట. ఒకే నేరానికి రెండుసార్లు కుదరదని రెండు దేశాలూ రాసుకున్నాయట. కేసు కొట్టేశారో, గేటు బయట బండి రెడీగా ఉంటుంది. తిన్నగా విమానం దగ్గరికే."

"మంచిదేగా. నేనెప్పుడెక్కాను విమానం?"

"అక్కడ ఉరేస్తార్రా!"

"నీ పాపని బడికి ఎవరు తీసుకెళ్తున్నారు?"

"ఇప్పుడు పాప గొడవెందుకు? నేనే."

"రోజూ అదే దారినా? కొన్నాళ్లు బావని తీసుకెళ్లమను."

"మాట మార్చకు. ఇక్కడైతే ఎన్నేళ్లయినా జైలే కదరా. వారం వారం వచ్చి చూసుకుంటా. ముసలాడివైనా నా కళ్లముందు బతికుంటావు. నువ్వు చేసిందే కదా ఒప్పుకోమంటున్నా? అబద్ధమా?"

"వైర్లు కలపమన్నారు, కలిపాను. దేనికని అడగలేదు."

"అడగలేదా?"

"అడగాలనిపించలేదు."

"ఆ దేశం రైల్లో బాంబు పెట్టడానికిరా. రైల్లో మన పాపంత పిల్లలుంటారు."

"తెలుసక్కా. కళ్లు మూస్తే అదే. అది ఆగిపోయినందుకు నేను... సరే, వదిలెయ్. అంతా బక్కోడి పుణ్యం. నాతో పనిచేస్తూనే పోలీసులకి చెప్పేశాడు, చెప్పి సరిహద్దు దాటేశాడు."

"బక్కోడు కాదేమో?"

"బక్కోడే. లోపల అందరికీ చెప్పాను. బయటున్న మావాళ్లకీ కబురు పంపాను."

"నువ్వు చూశావా ఏంటి?"

"నేనుండే షెడ్డుకి లోపల్నించి తాళమేసుకుని పడుకున్నానా? కళ్లు తెరిచేసరికి మంచం చుట్టూ పోలీసులు. చప్పుడే లేదు. లోపలి సంగతి తెలిసినవాడు కాకపోతే ఎవరు?"

"చప్పుడు లేకపోబట్టే నీ ఒంటిమీద దెబ్బ పడలేదు. తలుపులు బద్దలుకొడితే తుపాకులు పేలేవి."

"అవును. మంచి ఆలోచనే."

"ఒరేయ్, ఒకవేళ వాడు కాక ఇంకెవరైనా..."

"బక్కోడేనన్నానా! ఎవరడిగినా అదే చెప్పు. బావ అడిగినా అదే చెప్పు."

"నా మాట విను. సాక్షి లేదనుకుంటున్నావు. ఉంది. రేపు బోనెక్కుతుంది. తెర వెనక నిలబెడతారట, పేరు బయటికి రాదట."

"ఏ తెర అక్కా? ఇక్కడ చెప్పిన ప్రతి ముక్కా ఆ దేశానికీ పంపుతారు. ఎన్ని చేతులు మారుతుందో ఎవడికి తెలుసు? ఆ సాక్షిని నోరు మూసుకుని ఇంట్లో కూర్చోమను."

"కూర్చుంటే నువ్వు చస్తావు!"

"కూర్చుంటే నేనొక్కణ్ణే చస్తాను, కూర్చోకపోతే ఆ ఇల్లంతా చస్తుంది. మావాళ్లు ఇంకా బయటే ఉన్నారు. ఒక్కడూ దొరకలేదు. నేను ఒప్పుకున్నా వాళ్ల పేర్లు చెప్పేశాననే అనుకుంటారు, మనింటిమీదికే వస్తారు."

"టైమైందమ్మా, లేవండి."

"ఒక్క నిమిషం గార్డు బాబూ, నీకు పుణ్యముంటుంది. ఒరేయ్, ఇటు చూడు. నీకో మాట చెప్పాలి. విన్నాక నా మొహం చూడవు, చూడకపోయినా సరే. ఆ రోజు నేను షెడ్డు ఊడవడానికి వచ్చినప్పుడు..."

"చెప్పకు."

"చెప్పాలిరా. నిన్నెత్తుకుని పెంచిన ఈ చేతుల్తోనే..."

"లేవమన్నానా అమ్మా!"

"చెప్పకన్నానా అక్కా! పాపనెత్తుకుని ఎటైనా వెళ్లిపో, రేపు కోర్టు వైపు రాకు. నాకు మొదటిరోజే తెలుసు. వాళ్లు తాళం పగలగొట్టలేదు, చెవి పెట్టి తీశారు. రెండో తాళంచెవి నీ గుత్తిలోనే కదా ఉండేది."