పిట్టకు ఒడి నింపిన పరిగెలు

"నాకే యాల ఇట్లాయెనమ్మా?" అంటివి కదా పొద్దున. నీ కడుపు పోయిందని ఆదోని నుంచి ఫోనొచ్చినప్పటి నుంచి మగ్గం మీద తెగిన పోగు అతకలేకపోతాండా. ఇప్పుడు సెప్తా. పడుకోనే విను పాపా.

మా అవ్వ ఊరు కోసిగి అవతల, తుంగభద్ర ఒడ్డున. ఎండాకాలం ఆడికే పోతాంటిమి. అప్పట్లో గిద్దెడు నూనె పోస్తే చాటెడు పరిగెలిస్తాండిరి, వేలంత చేపలు... సరే, నే సెప్పేది అది కాదు. నీళ్లు తగ్గితే ఏటి నడుమ ఇసక దిబ్బలు తేల్తాయి. వాటి మీదికి పిట్టలొచ్చేవి. నెత్తిన నలుపు, పసుపు ముక్కు. సముద్రం పిట్టలకు చుట్టాలంట. ఇసకలో గుంత చేసి అందులోనే గుడ్లు పెడతాయి. పెట్టకముందు మొగపిట్ట ఒక్కో పరిగె తెచ్చి ఆడపిట్ట నోటికిస్తాది. అవ్వ నవ్వి, పెండ్లానికి ఒడి నింపుతాండాడు సూడు, అనేది.

ఒగ ఏడాది ఎవరో దోమతెరలు వలలుగా కుట్టి ఏట్లో ఈడ్చినారు. చిన్న చేప ఒగటీ మిగల్లే. మొగపిట్ట పొద్దంతా తిరిగి ఉత్త ముక్కుతో వచ్చేది. ఒక గుంతలో మటుకు గుడ్డు పగిలి పిల్ల లేసింది. పరిగె దొరక్క దానికి పెద్ద చేప తెచ్చిచ్చినాయి, పాపం, మింగలేకపోయె. మేం రోజూ సూసే ఆడపిట్ట గుడ్డే పెట్టలే. ఉత్త గుంతలో కూసోని కూసోని, లేసిపోయె.

మా చిన్నత్త దాన్ని గొడ్డుపిట్ట అనె. అవ్వకు కోపమొచ్చె. "దాని కడుపుకేం రోగమే? ఏట్లో పరిగె లేదు" అనె.

ఆమీట ఊరోళ్లు కూడి దోమతెర ఏట్లో దించగూడదనుకున్యారు. పరిగె మళ్లీ పెరిగె. పిట్టలూ వచ్చె. దిబ్బ మీద అడుగు యాడ పెట్టల్లో తెలీనన్ని గుడ్లు. లేసిపోయిన పిట్ట వచ్చెనో లేదో, పిట్టల మొగాలు నాకేం గుర్తు? వచ్చిందనే అనుకున్యా.

మీ అత్త నిన్నేమనిందో అల్లుడు సెప్పినాడులే. డాక్టరమ్మ నీ తప్పేం లేదనింది. వేవిళ్లతో ఏమీ తినకుండా పత్తి జిన్నింగు మిల్లుకు పోతాంటివని మటుకు నాకు నిన్ననే తెలిసె.

లెయ్, కొంగు పట్టు. కడుపు పోయిన పిల్లకు ఇప్పుడు ఒడి నింపేదేందని పక్కింటామె అడిగె. పిట్టకు గుడ్డుకు ముందే కదా నింపేది, అంటి. బియ్యం, బెల్లం... ఇవా? ఎండు పరిగెలు. మీ నాయన సంతంతా ఎతికి తెచ్చినాడు. ఒడిలో చేపలేందని నవ్వుతాండావా? నవ్వు తల్లీ. సల్లగుండు. బిడ్డ సంగతి తర్వాత.

వేయించుకొస్తా, ముందు నువ్వు తిను.