పక్కోని మడవ

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డు మీద ఒక బైకు. తోలేది స్టీఫెన్, వెనక కూచున్నది రాజశేఖర్. ఒకే ఊరివాళ్లు. పొద్దున టీవీ చర్చలో చెరొక పార్టీ తరఫున కేకలేసుకుని ఇంటికి వస్తున్నారు.

“హెల్మెట్ తీయొద్దురా శేఖరా.”

“ఊపిరాడ్తాలేదప్పా. లోపల ఉడికిపోతాండా.”

“శిరివెళ్ల దాటనీ. మొన్న టోల్‌గేటు కాడ ఎవడో గుర్తుపట్టె. ‘ఏందప్పా, ఆయప్ప నీ బండి మీద కూచున్నాడే’ అని ఫోను తీసె, ఫోటో కొట్టను.”

“ఏం చెప్తివి?”

“మా బావమర్దిలే, అట్లనే ఉంటాడు మొగం అంటి.”

“బావమర్దిని చేస్తివా నన్ను!”

“మరి? పొద్దున గంటసేపు నన్ను కుక్క అంటివి. దానికంటే మేలు గదా.”

“నిన్ను అనలే. మీ పార్టీ గుమ్మం కాడి కుక్క అంటి. అందులో ఎవరైనా రావచ్చు.”

“నా దిక్కు వేలు చూపిస్తా అంటివి.”

“వేలు యాడన్నా చూపియ్యాల గదప్పా. గోడకు చూపిస్తే బాగుంటాదా?”

“సరేలే. గొంతు పోయిందిరా నాకు.”

“నాకు మాత్రం ఉండాదా? ఆ ఛానెల్ మంజుల మేడం కెమెరా పక్కన నిలబడుకుని రాసిన అట్ట ఎత్తుతానే ఉండె. ‘వేడి తగ్గింది, వేడి తగ్గింది’ అని. మనమేమన్నా పొయ్యా?”

“నేను ఒకసారి ‘శేఖర్ గారి మాటలో న్యాయముంది’ అంటి. గుర్తుందా?”

“గుర్తుండకేం. ఆ మాటకు నిన్ను నెల దినాలు పిలవల్యా. ఆ నెలంతా సంజామల నుంచి ఇంగొకాయప్పను తెచ్చి నా ఎదురుగా కూచోబెట్టిరి. ఆయప్పకు ఇది ఆట అని ఎవరూ చెప్పినట్టు లేదు. నిజంగానే కొట్టను వస్తాండె.”

“అందుకే ఇంగ నేను ఏదీ ఒప్పుకోను. నువ్వు పొద్దు తూర్పున పొడుస్తాది అను, ‘ఇది మీ పార్టీ కుట్ర’ అంటా.”

“అను. పడమటి దిక్కు అన్యాయమైపోయిందని నేనూ అరుస్తా.”

“నాకు నవ్వొస్తాలేదురా.”

“స్టీఫెనూ, సంజీవయ్య సారు ఎట్లుండాడు, మీ నాయన?”

“ఎట్లుంటాడు. పొద్దున్నే లేచి మడి కాడికి పోతాడు, చూస్తాడు, వస్తాడు. పలకడు. అమ్మ అన్నం పెడ్తే చేత్తో కలిపి, కలిపి, అట్లనే లేస్తాడు.”

“వరి?”

“పొట్ట మీదుంది. ఇప్పుడు తడి తగలకుంటే ఎన్ను బయటికి రాదు. వచ్చినా తాలే. నెర్రెలు ఇచ్చేసింది, నా చెయ్యి పడ్తాది అందులో. ఆదివారం కాలువ కట్టేస్తారంట.”

“మా నాయన…”

“మీ నాయనను నేనేమన్నా అంటినా?”

“అనలే.”

“మీ మడిలోంచి మా మడికి నీళ్లు దిగే మడవ ఒగటే. దాన్ని మట్టి కొట్టి మూసె. మూసి బండ పెట్టె. బండ మీద కూచునె. మా నాయన గట్టు మీద నిలబడి ‘శేషయ్యా’ అని ఒగసారి పిలిచినాడంట. మీ నాయన మొగం తిప్పుకున్నాడంట. మా నాయన రెండోసారి పిలవల్యా. అంతే. తిట్టుకోల్యా, కొట్టుకోల్యా.”

“కొట్టుకున్నా బాగుండు.”

“బాగుండు.”

“ఏం మనుషులప్పా వాళ్లు! కాలువ వచ్చిన దినం ఇద్దర్లో ఎవరు ముందు పోయినా పక్కోని మడవ తీసినాకనే తమ మడవ తీసేటోళ్లు. పైమడి మాది, ముందు మేం పెట్టుకుంటే అడిగేటోడు లేడు. అయినా మా నాయన ముందు మీకు వదిలి, ఆనెక తను పెట్టుకునేటోడు.”

“మా నాయన ముందు పోతే మీ మడవ తీసి, నిండేదాంక గట్టు మీద కూచునేటోడు. ఊర్లో అందరూ నవ్వేటోళ్లు గదా, ‘మీకు సొంత మడి లేదాప్పా’ అని.”

“నాయన యాల మూసినాడో నాకు తెలుసురా. నువ్వు ఆ దినం ‘పైమడి దొరలు’ అంటివి చూడు. ‘పైమడి దొరలు కిందోళ్ల నోట్లో మన్ను కొడ్తాండారు’ అని. అది గుచ్చుకునింది ఆయప్పకు.”

“నేననింది మీ పార్టీ పెద్దోళ్లను.”

“నాకు తెలుసు. ఆయప్పకు తెలియాల గదా.”

“ఆ మాట నాకిచ్చింది నువ్వే గదరా! టీ తాగేటప్పుడు. ‘ఈ పొద్దు కాలువ సబ్జెక్టు, నువ్వు పైమడి దొరలు అను, నేను కుర్చీ తోసి లేస్తా’ అంటివి.”

“అంటి. ఇప్పుడు కాదంటినా?”

“లేచి నువ్వు ‘కిందమడి దొంగలు’ అంటివి.”

“దొంగపైపులు ఏసుకున్న మీ లీడర్లను అంటి.”

“నాకు తెలుసులే.”

“అందరూ ‘నాకు తెలుసు, నాకు తెలుసు’ అనేటోళ్లే. మనిద్దరికి తెలిస్తే ఏం లాభం?”

“మొన్న ఇరిగేషన్ సారు వచ్చె మన ఊరికి. చివరి మళ్లకు నీళ్లు అందుతాండాయా లేదా అడగను. పంచాయతీ ఆఫీసు కాడ చాప పరిస్తే ఇటు ఒగ గుంపు, అటు ఒగ గుంపు. నీళ్ల మాట ఒగడు ఎత్తితే ఒట్టు. నువ్వు అనిన మాటలు వాళ్లు, నేను అనిన మాటలు వీళ్లు. అచ్చం మన మాదిరే వేళ్లు చూపించుకుంటా. ఆ సారు చూసి చూసి, నీళ్లు తాగి, జీపెక్కి పాయె.”

“ఏం రాసుకుని పాయె?”

“ఏం రాసుకుంటాడు. ‘సమస్య ఏమీ చెప్పలేదు’ అని రాసుకునుంటాడు.”

“ఈ దినం చెప్పేస్తాం స్టీఫెనూ. ఇద్దరం కలిసి పోయి మా నాయన ముందర నిలబడి చెప్తాం. ఒకే బండి మీద పోతాం, ఒకే బండి మీద వస్తాం, ఒగ టీ ఇద్దరం తాగుతాం అని.”

“నమ్ముతాడా?”

“నమ్మకేం? కన్నకొడుకుని.”

“ఛానెలోళ్లకు తెలిస్తే?”

“తెలిస్తే తెలిసె. పిలవకుంటే మానె. నా చేత కాదప్పా ఇంగ. ఇంట్లో పిల్లతో మాట్లాడ్తా గూడా వేలు చూపిస్తాండా.”

“ఈ మాట పొద్దున కెమెరా ముందర అనుంటివా…”

“నువ్వే మీదికి లేచేటోడివి.”

“లేచేటోన్నే. మరి ఈ పొద్దు నువ్వు ఎత్తుకున్న పాట తక్కువదా? మంజుల మేడం అట్ట పక్కన పెట్టి చప్పట్లు కొట్టె. ‘ఓ నా రైతన్నలారా! రేపు ఎవడన్నా నవ్వుకుంటా మీ మడి గట్టు మీదికి వస్తాడు! వచ్చి…’”

“చాల్లే. బండి చూసి తోలు, ఎనుములు అడ్డమొస్తాండాయి.”

“ఎట్ల వస్తాయిరా నీకు అట్లాంటి మాటలు?”

“ఏమో. నోరు తెరిస్తే వస్తాయి. ఇల్లు చేరేలోపల ఏం చెప్తినో మర్చిపోతా.”

“శిరివెళ్ల దాటె. తీయ్ ఇంగ హెల్మెట్.”

ఊరి పక్కన మడి గట్టు. మూసిన మడవ మీద బండ, బండ మీద రాజశేఖర్ తండ్రి శేషయ్య. స్టీఫెన్ రోడ్డు మీద బైకు దగ్గరే ఆగాడు.

“నాయనా.”

“వస్తివా శేఖరా. గొంతేంది అట్ల కీసుపోయింది? మీ అమ్మకు చెప్పి మిరియాల పాలు కాంచి ఇమ్మంటా.”

“ఎండలో ఈడ యాల కూచున్నావ్?”

“లేస్తే బండ జరుగుతాది.”

“ఎవరు జరుపుతారు?”

“ఎవరో ఒగరు. దొంగలకు ఏం కొదవ.”

“సంజీవయ్య సారు దొంగనా నాయనా? నాకు అక్షరాలు దిద్దించినాయప్ప.”

“నేనూ అట్లనే మోసపోతి. ఇన్నేండ్లు గట్టు గట్టు ఆనుకుని సేద్యం చేసినా నాకు తెలీకపాయె. నువ్వు చెప్తేనే తెలిసె.”

“నేనా? నేనెప్పుడు చెప్తి?”

“టీవీలో. ‘కిందమడి దొంగలు’ అంటివి. ‘మీ పక్కనే ఉండారు, మంచోళ్ల మాదిరే కనపడ్తారు’ అంటివి. నా పక్కన కిందమడి ఎవరిది? నువ్వే చెప్పు.”

“నేననింది ఆయప్పను కాదు నాయనా! నువ్వు స్టీఫెన్ మాటకు కోపం చేసుకున్నావేమో అనుకుంటి. ‘పైమడి దొరలు’ అన్నాడని.”

“అన్నాడా? నాకు తెలీదే.”

“తెలీదా?”

“వాడు నోరు తెరిస్తే నేను సౌండు తగ్గిస్తా. నువ్వు నోరు తెరిస్తే పెంచుతా. ఇద్దరూ ఒగేసారి అరిస్తేనే కష్టం, బొటనవేలు నొస్తాది.”

“సారు గూడా…”

“ఆయప్ప ఇంట్లో నీ సౌండు తగ్గిస్తాడంట. మీ అమ్మ చెప్పె.”

“ముందు ఇద్దరూ మన వసారాలో కూచుని ఒకే టీవీ చూసేటోళ్లు గదా నాయనా.”

“చూసేటోళ్లం. కొట్లాడుకునేటోళ్లం. ఆయప్ప చెప్పిందాంట్లో సగం నాకు నచ్చేది కాదు, నేను చెప్పిందాంట్లో సగం ఆయప్పకు నచ్చేది కాదు. మిగిలిన సగంతో కాలువ పారె.”

“మల్ల అట్లనే ఉండండి. మడవ తెరువు నాయనా. ఆదివారం కాలువ కట్టేస్తారు. ఆ వరి పొట్ట మీదుంది.”

“నాకు చెప్తావా? నా కండ్ల ముందరే ఎండుతాంది. చూడలేకనే ఇటుపక్కకు తిరిగి కూచున్నా.”

“మరి తెరువు!”

“ఎట్ల తెరుస్తా? ఊర్లో ఏమంటారు? కొడుకు టీవీలో గొంతు చించుకుని చెప్తాంటే తండ్రికి చెవిన పడలేదా అనరా? నీ మాటకు విలువ పోతాది శేఖరా. నీ కోసమే గదా కూచునింది.”

“స్టీఫెనూ! రా ఈడికి. రా అప్పా, బేగా రా.”

“బాగుండావా పెద్దాయనా.”

“వీడు యాల వచ్చె శేఖరా? వీని చేతిలో నీ హెల్మెట్ యాల ఉంది?”

“ఒకే బండి మీద వచ్చినాం నాయనా. దినామూ ఒకే బండి. పోయేటప్పుడు ఒగటే, వచ్చేటప్పుడు ఒగటే.”

“ఏం తిట్టుకోవాల్నో ముందే టీ అంగడి కాడ అనుకుని పోతాం పెద్దాయనా. నేను దొర అంటే శేఖర్ దొంగ అంటాడు. అంతే. మనసులో ఏం లేదు. మా నాయన నీ పేరు తలవని పూట లేదు. మడవ తెరువు పెద్దాయనా, నీ కాళ్లు పట్టుకుంటా.”

“పొట్టకూటి ఆట నాయనా ఇది. నేననింది ఏదీ నిజం గాదు.”

“ఏదీ గాదా?”

“ఏదీ గాదు.”

“ఈ పొద్దు చెప్పింది గూడా?”

“ఈ పొద్దు ఏం చెప్తి… అది గూడా. అంతా అబద్ధమే.”

“అది మాత్రం అబద్ధం గాదులే. నువ్వు చెప్పినట్లే జరుగుతాంది.”

“ఏం చెప్తి నాయనా?”

“మర్చిపోతివా? నేను ఇదే బండ మీద కూచుని వింటి, ఫోను చెవి కాడ పెట్టుకుని. ‘రేపు ఎవడన్నా నవ్వుకుంటా మీ మడి గట్టు మీదికి వస్తాడు. వచ్చి, మనసులో ఏం పెట్టుకోవద్దు, మనమంతా ఒగటే, మడవ తెరువు అంటాడు. నమ్మొద్దు. వాడు అమ్ముడుపోయినోడు. వాడు పరాయోడే కానక్కర్లేదు, మీ కంచంలో తిన్నోడే కావచ్చు’ అంటివి. ఎంత బాగా చెప్పె నా కొడుకు అనుకుంటి. రేపు అంటివి, ఈ దినమే వస్తివి.”

“నాయనా…”

“పెద్దాయనా, అట్ల కాదు పెద్దాయనా…”

“నువ్వు పో స్టీఫెనూ. నీ మీద నాకు కోపం లేదు. పోయి మీ నాయనను ఇంత అన్నం తినమని చెప్పు, వొట్టి కడుపుతో ఎండలో తిరుగుతాండాడు.”

“నేను నీ కొడుకుని నాయనా!”

“కాదంటినా? కొడుకువి గాబట్టే మెల్లగా అడుగుతాండా. మీ అమ్మకు గూడా చెప్పనులే. ఎప్పుడు అమ్ముడుపోతివి శేఖరా?”