రెండు మొహాలకీ మసే

చెంచురామయ్య సర్పంచికి నిలబడ్డాడంట. ఎదురు ఎవురయ్యా అంటే మాల్యాద్రి. పరాయోడేం కాదు, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గేదె మీదెక్కి ఊరంతా తిరిగినోళ్ళే. మాల్యాద్రికి తల్లి లేకపోతే చెంచురామయ్య తల్లి ఆదెమ్మే ఇద్దరికీ ముద్దలు కలిపి పెట్టింది. అట్టాంటోళ్ళు కాలవ నీళ్ళ కాడ మాటామాటా అనుకుని, ఎదురుపడితే మొహం తిప్పుకునేదాకా వచ్చారు. సరే, ఎలక్షనొచ్చింది. ఈయన ఫ్లెక్సీ ఈ కంచెకి కడితే ఆయనది ఎదురు కంచెకి. చెంచురామయ్య ఇంకా ఏం చేశాడంటే, ఓటెయ్యమని కాయితం చేతికిస్తే జనం పొట్లాలు కట్టుకుంటన్నారు, పేరు రాసి పోస్టులో పంపితే మర్యాదగా ఉంటదని, తన ఫోటో వేయించి ఇంటింటికీ కార్డులు పోస్టు చేశాడు. అది చూసి మాల్యాద్రి ఊరుకుంటాడా? ఆయనా పంపాడు.

ఏమైందంటే, ఒకనాడు చూస్తే చెంచురామయ్య మొహాన మసి. ఫ్లెక్సీలో మొహం అనుకో. బుగ్గ కాడ మొదలై గడ్డం దాకా నల్లగా కారింది. ఈ బజారులో చూస్తే మసే, ఆ బజారులో చూస్తే మసే. కార్డులా, ఒక్క ఇంటికీ అందలా. పోస్టుమాను కాలేషాని అడిగితే, "సంచిలో ఏసుకున్నానన్నా, పంచేదానికి చెయ్యి పెడితే లేవు. నా ఉద్యోగం పోతదన్నా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడంట. ఇంకెవుడు, మాల్యాద్రే అని చెంచురామయ్య పోలీస్ స్టేషన్లో కాయితం రాసిచ్చాడు. ఎస్సై మాల్యాద్రిని పిలిపించి బల్ల మీద కూచోబెట్టాడు. కూచోబెడితే ఆయనేమన్నాడు? "అయ్యా, మరి నా మొహాన పూసిందెవురు? నా కార్డులేమయినయ్యి? ముందు ఆయన్నడగండి" అన్నాడు. పోయి చూస్తే నిజమే! అదే మసి, అదే బుగ్గ, అట్టనే కారింది. చెంచురామయ్యకి బుర్ర తిరిగిపోయింది. నేను చేయించలా. ఆడు చేసుంటే ఆడి మొహాన ఎందుకు పూసుకుంటాడు? మూడోవాడు నిలబళ్ళేదే! అనుకుని తన మనుషుల్నే అనుమానపడి ఒక్కొక్కడి చేతులు చూస్తాడు, గోళ్ళు చూస్తాడు. ఏం అంతుబట్టలా. ఊళ్ళో చూస్తే రెండు పక్కలోళ్ళూ కర్రలు తీశారు.

ఏం చెయ్యాలో తెలవక మిట్టమధ్యాన్నం ఇంటికి నడిచొస్తన్నాడంట. మాల్యాద్రి ఫ్లెక్సీ ముందర ఎవురో ముసలామె మునివేళ్ళ మీద నిలబడుంది. ఎవురనుకున్నారు? ఆదెమ్మ! చేతిలో కాటుక్కాయ, ఏలికి ఆముదం కలిపిన మసి. కొడుకుని చూసి బెదిరిందా అంటే, లేదు. "వచ్చావా నాయనా, ఆ గుంజ కొంచెం వంచు, బుగ్గ అందటంలా" అందంట. నవ్వమాకండి, ఆయనకి నవ్వు రాలేదప్పుడు. "ఇదేం పనే అమ్మా?" అంటే, "ఊరంతా మీ మొహాలే చూస్తంది, దిష్టి తగలదా? చుక్క పెడితే ఎండకి కారిపోతంది, మళ్ళీ పెడతన్నా" అంది. "కార్డులు కూడా నువ్వేనా?" "కాలేషా మజ్జిగ తాగేదానికి మన అరుగు మీద సంచి దించుతాడుగా. ఫోటోలు ఇంటింటికీ పంచుతారంటయ్యా? ఎవురే నిమ్మకాయకి కట్టి ఏం చేస్తారో! తీసి బియ్యం డబ్బాలో పెట్టా." "మరి మాల్యాద్రివి?" "ఆడికి మాత్రం ఎవురున్నారు తీసేదానికి?" అందంట.

చెంచురామయ్య వెనక్కి తిరిగి స్టేషనుకి పోయి, "అయ్యా, నా కాయితం నాకిచ్చెయ్యండి" అన్నాడు. బయటికొచ్చినాక, సంగతి విని వచ్చిన మాల్యాద్రి పట్టుకున్నాడు, "ఎవురు చేశార్రా?" అని. "అమ్మ. దిష్టిచుక్క" అన్నాడు ఈయన. ఆయన "నాక్కూడానా?" అన్నాడంట. అంతే. కర్రలు ఇళ్ళకి పోయినయ్యి, కార్డులు కాలేషా సంచిలోకి పోయినయ్యి.

ఓట్లు లెక్కపెడితే నాలుగైదు ఓట్లతో మాల్యాద్రి గెలిచాడు. చెంచురామయ్య తలొంచుకుని ఇంటికొస్తే, "పోనీలే నాయనా, నీ దిష్టి పోయింది" అని అన్నం పెట్టింది. తింటా తింటా అడిగాడంట, "అమ్మా, నిజం చెప్పు, నువ్వు ఎవురికేశావు?" అని. "ఆ కాయితం మీద మీ మొహాల్లేవు గదయ్యా! ఒకపక్క ఉంగరం, ఒకపక్క కత్తెర. ఏది నీదో ఏది ఆడిదో నాకేం తెలుసు?" అందంట. ఆమెకి తెలవకే వేసిందో, తెలిసే వేసిందో, చెంచురామయ్యకి ఇప్పటికీ తేలలా. చెప్పే నాకూ తేలలా. మీకేమన్నా తేలితే ఆయనకి మాత్రం చెప్పమాకండి.