మేకలు దిద్దిన తోట

మేకల పారమ్మని ఒకామె ఉండేదంట. మొగుడు పోయేడు, పిల్లల్లేరు, పన్నెండు మేకలే దాని కూడూ గుడ్డా. పొద్దున్నే కొండవారకి తోలుకెళ్లడం, పొద్దుగూకే యేళకి మళ్లీసుకు రావడం. ఆ కొండవార ఏటున్నాయీ? బరింక పొదలు. ఆకు గరుకే గానీ మేకకి పరమాన్నం అనుకో. అయితే ఏమైందంటే, ఊరి దొర కొత్త బంగ్లా కట్టేడు. ముందు తోట ఎయ్యాల. నలుగురి తోటల్లో ఉండే చెట్లు ఒద్దంట, సూసినోడు నోరెళ్లబెట్టాలంట. అలాటివి ఎతుక్కుంటా కొండవారకొచ్చి సూసేడు కదా, ఒక పొద గొడుగులాగుంది, ఒకటి కడవలాగుంది, ఇంకోటి పీటేసుక్కూచున్న ముసల్దానిలాగుంది. ఎవరు కత్తిరించేరే అనడిగితే, మా మేకలే బాబూ, నోరందినకాడికి తినీసి అందంది ఒగ్గీసినాయి అని పారమ్మ ఉన్నమాట సెప్పింది. దొర నవ్వీసి ఊరుకున్నాడు. దొరలకి మేకల మాటెందుకూ!

పొదల్ని ఏళ్లకంటుకున్న మట్టితో సహా తవ్వించి, గోనె సుట్టించి, బళ్లమీద తోలించుకుపోయేడు. తోట సుట్టూ తుమ్మకంప ఏయించేడు. ఎందుకనుకున్నారు? మేకలు రాకుండా! వానలు పడ్డాయి. గొడుక్కి గెడ్డం వొచ్చింది, కడవకి కొమ్ములొచ్చాయి, ముసల్ది ఎక్కడుందో ఎవుడికీ తెలీదు. మాలీలు కత్తెరేస్తే, కొత్తగా పని నేర్సుకునే మంగలికి దొరికిన తలలాగయ్యాయంట.

అవతల వియ్యంకుడు నెల్లాళ్లలో తోట సూడ్డానికొస్తన్నాడు. దొర ఊరంతా గొప్పలు సెప్పీసుకున్నాడు మరి. పారమ్మని పిలిపించి, నువ్వే ఏదో సేసినావు, ఆయనొచ్చేలోపు ఎప్పట్లాగ అవకపోతే మేకల్ని తోలుకుపోతానన్నాడంట. మేకలు పోతే పారమ్మెలాగ బతుకుతాది? ఏడిసింది, కళ్లు తుడుసుకుంది, అప్పుడంది: "బాబూ, కంచెకో కంత పెట్టించండి. మిగతాది మా మేకలు సూసుకుంటాయి."

దొరకి ఒప్పుకోక ఏటుంది! మేకలొచ్చాయి. ముందు దొరసాని గులాబీలు తిన్నాయి, దారిలో ఉన్నాయి గనక. ఆనక పొదల మీద పడ్డాయి. నెల తిరిగేసరికి గొడుగు గొడుగైంది, కడవ కడవైంది, ముసల్ది పీటమీద కూచుంది.

వియ్యంకుడొచ్చేడు, తోటంతా తిరిగేడు, నోరెళ్లబెట్టేడు. మీ తోటమాలిని ఓ నెల మా ఊరు పంపండి బావగారూ అన్నాడు. గుమ్మంకాడ మేకలతో నిలబడ్డ పారమ్మ అందంట: "పంపుతాను బాబూ, పన్నెండుమందున్నారు. కూలేటీ ఒద్దు. కంచె మాత్రం ఎయ్యకండి." వియ్యంకుడు పక్కున నవ్వేడు. దొర మాత్రం నేల సూపులు సూసేడంట.

ఆ కంత మరి మూయలేదు. పారమ్మ మేకలు దర్జాగా అందులోంచే ఎళ్లొచ్చేవి. మీరున్నారు, నా మేక మీ బెండమడిలో నోరెడితే సాలు, కర్ర పట్టుకొస్తారు. తోటమాలంటే మర్యాద తెలీని ఊరర్రా ఇది.