దుమ్ము రంగు

మధ్యాహ్నం, బస్సు డ్రైవరు గారి ముందు గది. ఆయన రాత్రి మేడ మీద తీసిన చుక్కల ఫొటో కంప్యూటరులో ఉంది. దాన్ని చూస్తున్నది కాలేజీలో ఫిజిక్సు చెప్పే వాళ్లక్క.

“బావుందా అని కాదక్కా. ఏం రంగు అని.”

“నీలం.”

“చూసి చెప్పు.”

“చూసే చెప్పాను. కృత్తికల చుట్టూ నీలం పొగ. ఒకదాని మీద ఒకటి ఎన్ని ఫొటోలు పేర్చావురా?”

“చాలా. ఆ పొగ దేనితో మండుతోంది?”

“మండట్లేదు. ఉత్త దుమ్ము. పక్క చుక్కల వెలుగు దాని మీద పడి చెదిరి మనవైపు వస్తోంది.”

“చుక్కలు తెల్లగానే ఉన్నాయిగా?”

“దుమ్ము మరీ సన్నం. ఎరుపు దాటుకుపోతుంది, నీలమే ఎక్కువ చెదురుతుంది. సిగరెట్టు చివర పొగ నీలంగా ఉండదూ?”

“అంటే నిజంగానే నీలం.”

“ఎన్నిసార్లు అడుగుతావు? మీ ఆవిడేమంది?”

“దాన్ని అడగలేదు. మెల్లగా మాట్లాడు, వంటింట్లో ఉంది.”

“ఏమైందిరా?”

“ఏం కాలేదు. పోయిన నెల ట్రైనింగని వెళ్లాను చూడు...”

“ఆఁ.”

“ట్రైనింగు కాదు. కుడి కంట్లో శుక్లం తీయించుకున్నాను.”

“ఒక్కడివేనా?”

“డ్రైవరు కన్ను కదా. మా ఆవిడకి చెబితే ఉద్యోగం పోతుందని నిద్రపోదు.”

“నల్లద్దాలు చూసి అడగలేదా?”

“కళ్లకలక అన్నాను. అందరూ దూరం జరిగారు.”

“మరిప్పుడేమిటి?”

“ఎడమ కన్ను మూస్తే ఇది నీలం. కుడి కన్ను మూస్తే మట్టి రంగు. గోడలూ అంతే, చొక్కాలూ అంతే. ఆపరేషను చెడిందనుకుని రెండో కన్ను వద్దని చెప్పేశాను.”

“గోడ రంగే అడగొచ్చుగా?”

“గోడ రంగడిగితే అనుమానపడతావు. దీనికైతే పాఠం చెబుతావు.”

“ఒరేయ్, కొత్త కన్నుదే నిజం. ఎడమ కంట్లో శుక్లం పసుప్పచ్చ అద్దంలా నీలాన్ని ఆపేస్తోంది. అదీ తీయించుకో. అప్పటిదాకా బస్సు ముట్టుకోకు.”

“ముట్టుకోవట్లేదు. సెలవు పెట్టాను.”

“మరి రోజూ యూనిఫారమేసుకుని ఎటు పోతున్నావు?”

“డిపోకే. బెంచీ మీద కూర్చుని, క్యారేజీ తిని వస్తాను.”

“ఎన్నాళ్లు కూర్చుంటావు? దానికి చెప్పు.”

“చెబుతాను.”

“ఎప్పుడు?”

“చెబుతాను లేవే.”

“వదినా, టీ తీసుకోండి. ఈయన వద్దని వచ్చిన రోజే ఆసుపత్రి వాళ్లు నాకు ఫోను చేశారు. రెండో కన్నుకి ఎల్లుండి రమ్మన్నారు, నేను సరేనన్నాను.”