పక్కింటి నిప్పు

ఏంది రంజిత్, ఫోన్ల ఎవనితోని మాట్లాడుతున్నవ్? మాక్లూర్ బాయిలరోనితోనా? జర పెట్టెయ్ బిడ్డా. పెట్టేసి ఇట్ల కూసో, నీ నాయనమ్మ చెప్పే రెండు ముక్కలు ఇను. నీకు అడ్డమొస్తలేను. చదువుకున్నోనివి, చేను నీదే, పసుపు నీదే. గని తవ్విన పసుపు కల్లంల కుప్ప పడి ఉన్నది, దాన్ని ఉడకబెట్టే మన ఖాజాగాని బాయిలర్ గా ఒడ్డు మీద తయారుగ నిలబడి ఉన్నది, నువ్వేమో మొన్నటి బొంబాయి కాల్పులు రాత్రి టీవీల మల్ల చూపెడితే చూసి, పొద్దుగాల ఆన్ని వద్దంటివి. నేను సుత చూసిన. బొంబాయిల మనుషుల్ని పిట్టల్ని కాల్చినట్టు కాల్చిన్రు. నాకూ అన్నం దిగలే. మరి గా కాల్చినోళ్ళకు, పొద్దుగాల్నే 'సలాం అవ్వా, చాయ్ తాగినవా?' అని అడిగిన ఖాజాగానికి ఏం సుట్టరికం? ఆఁ... చెప్పకు. నువ్వేమంటవో నాకెర్కనే. గదే మాట మా నీలవ్వ సుత అన్నది ఒకపారి.

నీలవ్వ ఎవలా? అయ్యో, నువ్వు గప్పుడు లాగు లేకుండ తిరిగేటోనివి. ఎన్నిసార్లు నిన్ను సంకనేసుకుందో! నువ్వు బడికి పోయేనాటికి సచ్చిపోయింది గని... ఆడ మన పెంకుటిల్లు, ఈడ ఆమెది, నడుమ ఒక్క గోడ. పసుపు తవ్వుకుంట నవ్విందంటే నందిపేట్ రోడ్డు మీద పోయేటోళ్ళు సుత తిరిగి చూస్తుండె. ఒక్కడే కొడుకు, గంగాదాస్. కువైట్ పోయిండు, లారీ డ్రైవర్‌గ. పోయేనాడు బస్టాండ్ దాక ఆని పెట్టె మోసింది ఎవలనుకుంటున్నవ్? మదార్. ఖాజాగాని నాయిన.

గప్పుడు బాయిలర్లు ఏడియి? ఇద్దరు మనుషులు పండుకునేంత ఇనుప కడాయిల ఉడకబెడుతుంటిమి. మన వాడకట్టుకంత మదార్ కడాయే. చీపురుపుల్ల కొమ్ముల గుచ్చి చూసి, 'ఇగ దించుండ్రి' అంటే దించాలె, గంతే. ఇంకోటి, గిది నీకు ఎవ్వలు చెప్పి ఉండరు. ఏటా మొదటి కడాయి కింద నిప్పు మన ఇంట్లది పెట్టద్దు. పక్కింటి పొయ్యిలకెల్లి కుండపెంకుల తెచ్చి పెట్టాలె. ఎందుకంటే... ఏమో బిడ్డా, మా అత్త చేసింది, నేను చేసిన. ఒక్కింటి పసుపు ఒక్కరితోని ఉడుకదని కావొచ్చు.

ఆఁ, ఏడున్న? కువైట్ల లడాయి మొదలైంది గద. పోయినోళ్ళంత ఒక్కొక్కలు తిరిగొచ్చిన్రు, కొందరు ఒంటి మీది బట్టతోని. గంగాదాస్ రాలే. మెండోర ఊరోడు ఒకడు వచ్చి చెప్పిండు, లారీలు ఆగినకాడ బాంబు పడ్డదని. పీనిగ సుత లేదు. నీలవ్వ ఒర్లిన ఒర్లుడు ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది. గప్పుడే మదార్ ఉరుక్కుంట వచ్చి గడప కాడ నిలబడ్డడు. గీమె ఆని ముఖం చూసి, 'మీవోళ్ళే తిన్నరు నా కొడుకుని, నా గడప తొక్కకు!' అన్నది. ఆడు తువ్వాల నోట్ల కుక్కుకొని ఎనుకకు మర్రిండు.

గా ఒక్క మాట చాలె. ఊరి కమిటీ పెద్ద ధర్మయ్య రచ్చబండ మీద కూసున్నడు, మీసం దువ్వుకుంట: 'నీలవ్వ కడుపుకోత చూస్కుంట ఊకుంటమా? మదార్ కడాయి బందు! ఎవ్వలు ఆనికి నిప్పియ్యద్దు, నీళ్ళియ్యద్దు, పలకరియ్యద్దు.' డప్పు కొట్టిచ్చిండు. వేరే కడాయి తెప్పిస్తమన్నడు, అది రాదు, రాదు. తవ్విన పసుపు ఇంటింటికి కుప్పలు పడ్డది, ఎండకు ముడుచుకుపోవట్టె. అయినా ఎవ్వనికి నోరు రాలే. మీ తాతకు సుత రాలే.

ఒకనాటి పొద్దుమీకి ధర్మయ్య ఇంట్ల టీవీ కాడ అందరం కూసున్నం. లడాయి చూపెడ్తున్నరు. బాంబులు పడుతుంటే దీపావళి లెక్క మెరుస్తున్నయి, పోరగాళ్ళు సప్పట్లు. గంతల ఒక ముసలామె కనవడ్డది. నల్లబట్ట, కూలిపోయిన ఇల్లు, రెండు చేతుల రొమ్ము గుద్దుకుంటుంది. నీలవ్వ లేచి నిలబడి, 'గామె ఎవలు ధర్మన్నా?' అన్నది. 'గాళ్ళే, మన శత్రువులు' అన్నడు ఆయన. 'శత్రువా? నేను ఏడ్చినట్టే ఏడుస్తుంది గదా!' అని, చెప్పులు సుత ఏసుకోకుండ ఎళ్ళిపోయింది.

తెల్లారి నేను వాకిలి ఊడుస్తున్న. గణగణ గణగణ చప్పుడు. చూస్తే ఏముంది, నీలవ్వ, మదార్ కడాయిని అంచు మీద నిలబెట్టి బండి చక్రం లెక్క దొర్లిచ్చుకుంట వాడ నడుమ వస్తున్నరు! మదార్ అటిటు చూస్కుంట, 'నీలక్కా, నిన్ను సుత బందు పెడ్తరే' అంటున్నడు. 'పెట్టనీ. నోటితోని అన్నది చేతితోని వాపసు తీస్కుంట, నువ్వు దొర్లియ్యి' అంటుంది గీమె. ధర్మయ్య అడ్డం వచ్చిండు. 'నీలవ్వా, నీ కొడుకు ముఖం చూసే గదా బందు పెట్టినం?' నీలవ్వ ఆగింది. 'నా కొడుకు ముఖం చూసినవా ధర్మన్నా? ఏడ చూసినవ్? నాకు సుత చూపియ్యి.' గామెనే మల్ల, 'బాంబేసినోడు నా ఊరు చూడలే, నా కొడుకు పేరడగలే. నువ్వు మదార్ పేరు ఒక్కటే చూసినవ్. నీకు గా బాంబేసినోనికి ఏం ఫరకున్నది? నా ఏడుపు నాది. దాన్ని తీస్కపోయి మీ పొయ్యిల కట్టె లెక్క పెట్టకుండ్రి' అన్నది. గింత మాట, రంజిత్! నీ టీవీల కోటేసుకొని ఒర్లేటోళ్ళను చెప్పమను!

కల్లంల కడాయి పెట్టిన్రు, నీళ్ళు పోసిన్రు, నీలవ్వ పసుపు నింపి మీద ఆకు కప్పిన్రు. ఇగ నిప్పు. పెంకు పట్టుకొని నీలవ్వ వాడకట్టంత తిరిగింది. ఒక్కొక్క తలుపు పడుతుంది. మీ తాత నా రెక్క గట్టిగ పట్టుకున్నడు. ఆఖరుకు ధర్మయ్య ఇంటి తలుపు తెరిచింది... ఎవలనుకుంటున్నవ్? ఆయన పెండ్లాం, సీతాబాయి! పెంకు నిండ నిప్పులు, పైట కొంగు నడుముల చెక్కుకొని వచ్చింది. 'ఏయ్, నీకేమన్న పిచ్చి లేసిందా?' అని ఎనుకకెల్లి మొగడు. 'కమిటీ నీది, పొయ్యి నాది. నడువు ఒదినె' అన్నది! అబ్బ... గామె ఎనుక నేను ఉరికిన, నా ఎనుక ఎంకవ్వ, ఇంక ఎవలెవలో. పెంకు మీద పెంకు. మీ తాత పట్టుకున్న గాజు పలిగి ఆయన చేతిలనే ఉన్నది! మంట లేసింది చూడు, కడాయి పొంగి నురుగొచ్చి, గా పచ్చి పసుపు వాసన గుట్ట దాక పోయింది. పొద్దుగూకేవరకు ఎడ్లబండ్లు రోడ్డు దాక లైన్ కట్టినయి. ఆఖరి బండి ధర్మయ్యది! తల దించుకొని, 'మదార్ భాయ్, మాది ఎప్పుడు?' అంటే, మదార్ పుల్ల గుచ్చుకుంట, 'లైన్ల ఉండు పటేలా, నిప్పు మీ ఇంటిదే' అన్నడు. నవ్వుడే నవ్వుడు. నీలవ్వ నవ్వింది, కొడుకు పోయినంక మొదటిపారి, రోడ్డు దాక వినొచ్చింది.

గంగాదాస్ రాలే. రాడని ఆమెకు ఎర్కనే. సచ్చేదాక ప్రతి ఏడు మదార్ కడాయికి మొదటి నిప్పు నీలవ్వ ఇంటిదే.

ఏందట్ల చూస్తున్నవ్? ఫోన్ జేబుల పెట్టు. ఖాజాగాని బాయిలర్‌కైనా కింద నిప్పే గదా పెట్టాలె? గా గోడ పొంటి పెంకున్నది, తీస్కో. సీతాబాయి కోడలింట్ల గ్యాస్ ఉన్నా, నీళ్ళ పొయ్యి బయటనే మండుతుంటది. ఆఁ, చెప్పులేసుకొని పో, బాటల ముండ్లున్నయి.